ధ్యేయ ప్రకటనలో ఎవరి పేరు ఉండాలి? – ఒక సంవాదం

వాది: ఒక విశ్వవిద్యాలయం ఎవరి కోసం పుట్టిందో, ఏం సాధించాలనుకుంటుందో తానే రాసి ప్రకటించుకునే మాటే ధ్యేయ ప్రకటన. ఉత్తర తెలంగాణలో ఆ ప్రకటనకు బరువు ఎక్కువ. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జనాభాలో షెడ్యూల్డ్ తెగలవారు సుమారు 18 శాతం. గోండులు, కోలాములు, పర్ధానులు, తోటీలు, నాయకపోడులు, ఆంధ్‌లు, లంబాడాలు అందరూ ఆ లెక్కలో ఉన్నారు. గోండీ, కోలామీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, తెలుగు ఒకే సంతలో వినిపించే నేల ఇది. ఇలాంటి చోట ఉన్నత విద్యాసంస్థ 'సమాజంలోని అన్ని వర్గాలకు నాణ్యమైన విద్య' అని రాసి ఊరుకుంటే చాలదు. 'అన్ని వర్గాలు' అన్నప్పుడు, తరగతి గది దాకా రాని వర్గం ఏదో ఎవరికీ తెలియదు. కోలాం విద్యార్థులు, తోటీ విద్యార్థులు అని పేరుపెట్టి రాసినప్పుడే వాళ్లు ఎంతమంది ఉన్నారని అడిగే వీలు కలుగుతుంది.

ప్రతివాది: ఈ తెగల పిల్లలు విశ్వవిద్యాలయం గడప తొక్కింది ధ్యేయ ప్రకటనల వల్ల కాదు, రాజ్యాంగం వల్ల. 15(4), 15(5) అధికరణలు, వాటి ఆధారంగా వచ్చిన ఉత్తర్వులు సీట్లు ఇచ్చాయి. తెలంగాణలో విద్యాసంస్థల్లో ఎస్సీలకు 15 శాతం, బీసీలకు 29 శాతం కోటా ఉంది. ఎస్టీలకు 6 శాతంగా ఉన్న కోటా 2022 సెప్టెంబరు 30 నాటి ఉత్తర్వుతో 10 శాతం అయింది. పెరిగిన ఆ 4 శాతం సీట్లను అంతకు ముందు ఏ సంస్థా తన ధ్యేయాన్ని తలచుకొని ఇచ్చింది కాదు. కోటా సీటు నిరాకరిస్తే విద్యార్థి హైకోర్టు తలుపు తట్టవచ్చు. ధ్యేయం నెరవేరలేదని తలుపు తట్టడానికి కోర్టు లేదు. అడిగి సాధించుకోగల హక్కు ఉన్నచోట, అడగడానికి వీల్లేని ఆశయం మీద శ్రద్ధ పెట్టడం వృథా.

వాది: అడిగి సాధించుకునే ఆ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యా ప్రయోజనాలను రాజ్యం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణ చెబుతుంది. అది ఆదేశిక సూత్రం. దాని ఆధారంగా కోర్టుకు వెళ్లలేరు. అంటే అది దేశం తనకు తాను రాసుకున్న ధ్యేయ ప్రకటనే. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో మద్రాసు ప్రభుత్వం ఆ అధికరణనే చూపి తన సీట్ల పంపకాన్ని సమర్థించుకోబోయింది. ఆదేశిక సూత్రం ప్రాథమిక హక్కును మించదని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. అప్పుడు పార్లమెంటు ఆ ధ్యేయాన్ని వదులుకోలేదు. అదే ఏడాది మొదటి సవరణ చేసి 15(4)ను చేర్చింది. ఇవాళ్టి కోటాకు మూలం కోర్టులో చెల్లని ఆ వాక్యమే. ముందే రాసి ఉండకపోతే, కోర్టు కాదన్న రోజున దేనికోసం సవరణ చేయాలో ఎవరికీ తోచేది కాదు.

ప్రతివాది: 46వ అధికరణ బలం ఒప్పుకోవలసిందే. కానీ దాన్ని రాసింది రాజ్యాంగ సభ. దానికి కట్టుబడవలసింది రాజ్యం మొత్తం. విశ్వవిద్యాలయాల ధ్యేయ ప్రకటన పుట్టుక వేరు. దేశంలో వాటిని రాసే అలవాటు బలపడింది 1994లో ఉన్నత విద్యాసంస్థలను మూల్యాంకనం చేసే న్యాక్ ఏర్పడ్డాకే. సంస్థ దార్శనికత, నాయకత్వం మూల్యాంకనంలో ఒక అంశం. రిజర్వుడు సీట్లు ఎన్ని నిండాయన్నది మరో అంశం. మొదటిదానికి మంచి వాక్యం చాలు, రెండోదానికి మనుషులు కావాలి. వాక్యం రాయడం తేలిక కనుక సంస్థలు దానితోనే తృప్తిపడే ప్రమాదం ఉంది. అమెరికాలో జరిగింది ఇంకా పెద్ద పాఠం. అక్కడి విశ్వవిద్యాలయాలు క్యాంపస్‌లో జాతుల వైవిధ్యాన్ని తమ ధ్యేయంలో భాగంగా చెప్పుకొని, ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని దానితోనే సమర్థించుకున్నాయి. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల తీర్పులో అక్కడి సుప్రీంకోర్టు, రేపటి నాయకులను తయారుచేయడం వంటి లక్ష్యాలు మెచ్చదగినవే అయినా కొలవడానికి వీలులేనివని చెప్పి ఆ పద్ధతిని కొట్టేసింది. ధ్యేయ వాక్యం మీద కట్టిన భవనం, ఆ వాక్యం కొలతకు అందదన్నందుకే కూలింది.

వాది: అమెరికా కేసును మొదటినుంచి చూస్తే అర్థం మారుతుంది. 1978లో బాకీ (Bakke) కేసులో జస్టిస్ పావెల్ అభిప్రాయం రెండు దారుల్లో ఒకదాన్ని మూసింది. సమాజం చేసిన చారిత్రక అన్యాయానికి పరిహారంగా విశ్వవిద్యాలయం జాతిని లెక్కలోకి తీసుకోకూడదని, చదువుకు మేలు చేసే వైవిధ్యం కోసమైతే తీసుకోవచ్చని అన్నారు. 2003లో గ్రట్టర్ తీర్పు ఆ దారినే నిలబెట్టింది. న్యాయం అనే కారణం చెప్పుకోనివ్వకపోవడంతో అక్కడి సంస్థలు వైవిధ్యం అందరికీ మేలు చేస్తుందనే కారణం మీదే ఆధారపడ్డాయి. అది చివరికి నిలవలేదు. ఇక్కడ న్యాయం అనే దారి మూసుకోలేదు. రాజ్యాంగమే దాన్ని తెరిచి ఉంచింది. కాబట్టి ఇక్కడి ధ్యేయ ప్రకటన రంగురంగుల క్యాంపస్ అందం గురించి మాట్లాడనక్కరలేదు. ఎవరి భూమి, ఎవరి అడవి, ఎవరి భాష నష్టపోయాయో చెప్పి, అందులో చదువు తీర్చవలసిన బాకీ ఎంతో చెప్పాలి.

ప్రతివాది: బాకీ అన్న మాట ఒప్పుకోవచ్చు. కానీ ఆ బాకీ తీర్చిన సందర్భాలు ఈ నేల మీదే ఉన్నాయి. అవి ప్రకటనలతో మొదలు కాలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం పోలీసు కాల్పుల్లో మరణించాక, నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులు తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను రప్పించింది. ఆయన మార్లవాయిలో ఉండి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దే శిక్షణ కేంద్రం మొదలుపెట్టించారు. గోండీలో వాచకాలు వచ్చాయి. పిల్లవాడి భాషలో, పిల్లవాడి ఊరివాడే చెప్పే చదువు అది. అందులో ఉన్నది ఒక పథకం, దానికి డబ్బు, అక్కడే కాపురం ఉన్న మనుషులు. నార్నూరు మండలం గుంజాలలో దొరికిన గోండీ లిపి కథ కూడా ఇంతే. ఊరి పెద్దల దగ్గర ఉన్న రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు వెలుగులోకి తెచ్చారు. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చోటు సంపాదించింది. అక్కడ పనిచేసింది ఊరివాళ్ల జ్ఞాపకం, పండితుల పట్టుదల.

వాది: గుంజాల లిపి పని జరిగిన చోటు మరిచిపోకూడదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దళిత ఆదివాసీ అధ్యయన, అనువాద కేంద్రం ఉంది. దాని పేరులోనే దాని ధ్యేయం ఉంది. ఆదివాసీల జ్ఞానం మీద పనిచేయడం ఈ విశ్వవిద్యాలయం బాధ్యత అని ఎవరో ఒక కాగితం మీద రాసి, దానికి ఒక గది, కొన్ని పోస్టులు ఇప్పించారు. పండితుల పట్టుదలకు నిలబడే చోటు దొరికింది అందుకే. వ్యక్తి మీద ఆధారపడిన పని వ్యక్తితోనే ఆగిపోతుంది. మార్లవాయి పథకమూ అందుకు ఉదాహరణే. దాన్ని నడిపిన పాలన పోయింది, గోండీ ఉన్నత విద్య దాకా ఎదగలేదు. 2011 జనగణనలో దేశవ్యాప్తంగా దాదాపు 30 లక్షల మంది గోండీని మాతృభాషగా చెప్పుకున్నారు. ఇప్పటికీ ఆ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో లేదు. సంస్థ తన ధ్యేయంలో రాసుకున్న పని వైస్ చాన్సలర్ మారినా మిగులుతుంది, కనీసం గుర్తుచేయడానికి ఆధారంగా ఉంటుంది.

ప్రతివాది: ఆధారంగా నిలవాలంటే అంకె కావాలి. గోదావరి ఒడ్డున బాసరలో 2008లో మొదలైన ట్రిపుల్‌ఐటీ అందుకు మంచి ఉదాహరణ. పదో తరగతి తర్వాత గ్రామీణ ప్రాంతపు ప్రతిభావంతులను తీసుకొని ఆరేళ్లలో ఇంజినీరింగ్ పూర్తి చేయించడం దాని పని. ప్రవేశాల్లో వసతి లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివినవారి జీపీఏకు 0.4 పాయింట్లు కలిపే నిబంధన పెట్టారు. చదువుకునే పరిస్థితుల్లో ఉన్న తేడాను ఆ అంకె గుర్తించింది. బీడీలు చుట్టే తల్లి కూతురు జిల్లా పరిషత్ బడి నుంచి వచ్చి, ఇంగ్లీషు మీడియం బడి పిల్లవాడితో పోటీ పడగలిగింది. ఏ కులం, ఏ తెగ అని ప్రకటనలో పేరు రాయకుండానే, కొలవగల ఒక నియమం పేదవాడికి దారి ఇచ్చింది. కావలసింది ఇలాంటి నియమాలే.

వాది: ఆ 0.4 వెనుక ధ్యేయమే ఉంది. గ్రామీణ యువత కోసం అని విశ్వవిద్యాలయ చట్టంలోనే రాసి ఉండబట్టి ఆ అదనపు పాయింట్లను సమర్థించుకోగలిగారు. ఆ మాట లేకపోతే, అవి కొందరికి ఎందుకని ఎవరైనా అడిగినప్పుడు జవాబు ఉండేది కాదు. ఆ కొలమానం లోపమూ అక్కడే తెలుస్తుంది. అది వసతి లేని బడిని చూస్తుంది. ఏజెన్సీలో చాలామంది పిల్లలు గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో చదువుతారు. అవి వసతి బడులు. కోలాం గూడెంలో పుట్టి, ఆరేళ్లకే ఇల్లు వదిలి, ఇంట్లో మాట్లాడని భాషలో అక్షరాలు దిద్దుకున్న పిల్లకు ఎదురైన కష్టం ఆ నియమం మాటల్లో ఇమడదు. గ్రామీణం అన్న ఒక్క మాటలో గూడెం కలిసిపోయింది. పేరు రాయకపోతే ఎవరు తప్పిపోతారో ఇంతకన్నా స్పష్టంగా చూపలేం.

ప్రతివాది: ఆ లోపం నిజమే. నియమాన్ని దిద్దవలసిందే. కానీ పేర్లు రాసే పద్ధతికి ఈ ప్రాంతంలోనే ఒక గట్టి హెచ్చరిక ఉంది. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. వాళ్లు ముందుకు వెళ్లి తమ అవకాశాలు తగ్గాయని గోండులు, కోలాములు భావించారు. తామూ పేదరికం నుంచి, తండాల నుంచి వచ్చామని లంబాడాలు అన్నారు. 2017 చివరి నెలల్లో ఉట్నూరు, జైనూరు ప్రాంతాల్లో ఆ భేదం వీధులకెక్కి, బడుల దాకా వచ్చింది. అలాంటి చోట ఒక విశ్వవిద్యాలయం తన ధ్యేయంలో కొన్ని తెగల పేర్లు రాసి, మరికొన్నింటిని వదిలితే ఏమవుతుంది? క్యాంపస్‌లో ఒకే హాస్టల్‌లో ఉండే పిల్లల మధ్య సంస్థే గీత గీసినట్టవుతుంది. కరీంనగర్‌లో ఇంకో చిక్కు ఉంది. 2011 లెక్కల్లో ఆ జిల్లా జనాభాలో ఎస్టీలు 3 శాతం లోపు, ఎస్సీలు 19 శాతానికి దగ్గర. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల పిల్లలు, గోదావరిఖని బొగ్గు కార్మికుల పిల్లలు, తండ్రి గల్ఫ్‌లో ఉంటే తల్లి ఒక్కతే పెంచిన పిల్లలు అక్కడి తరగతి గదుల్లో ఉంటారు. 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం వీళ్లలో ఎవరి పేరు రాయాలి, ఎవరిని వదలాలి? ఎంత రాసినా జాబితా ఎవరినో ఒకరిని బయటే ఉంచుతుంది.

వాది: ఈ అభ్యంతరం తీసివేయదగినది కాదు. ఎదురెదురుగా నిలిచిన రెండు పేద సమూహాల మధ్య విశ్వవిద్యాలయం తీర్పరిగా కూర్చోకూడదు. అయితే పేర్లు ఎంచే పని ఇష్టాన్ని బట్టి కాక ఆధారాలను బట్టి జరగవచ్చు. ఎస్సీ వర్గీకరణ అలా జరిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఉపవర్గీకరణకు అవకాశమిచ్చింది. జస్టిస్ షమీమ్ అక్తర్ కమిషన్ నివేదిక తర్వాత తెలంగాణ చట్టం చేసి 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి తెచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి, బాగా వెనుకబడిన 15 కులాలకు 1 శాతం, తక్కిన రెండు గ్రూపులకు 9, 5 శాతం కేటాయించింది. ఒకే జాబితాలో అందరూ ఒకే మెట్టు మీద లేరని చట్టమే ఒప్పుకుంది. ఎస్టీల్లో కోలాములు, తోటీలు అత్యంత బలహీన గిరిజన సమూహాలుగా కేంద్ర ప్రభుత్వం గుర్తించినవారు. ఆ గుర్తింపునే ఆధారం చేసుకుంటే విశ్వవిద్యాలయం కొత్త గీత గీయనక్కరలేదు.

ప్రతివాది: ఆ ఉదాహరణ రెండు వైపులా పదునైనది. ఆ వర్గీకరణ కోసం మూడు దశాబ్దాల ఉద్యమం, రాజ్యాంగ ధర్మాసనం, కమిషన్, శాసనసభ అన్నీ కావలసి వచ్చాయి. పాలకమండలి సమావేశంలో ఒక తీర్మానంతో తేలే పని కాదది. మంచి ఉద్దేశంతో ఒకరి పేరు మాత్రమే రాసినా అది నిలవకపోవచ్చు. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు శాతం చెల్లదంది. ఆ జీవో వెనుక ఉన్న ధ్యేయం గొప్పది. పిల్లల భాష తెలిసిన గురువు వాళ్లకు దొరకాలన్నది దాని సారం. చట్టం గడి దాటలేక ఆగింది.

వాది: అక్కడ నూరు శాతం చెల్లలేదు, ధ్యేయం మిగిలే ఉంది. ధ్యేయ ప్రకటనలో పేర్లు సీట్ల పంపకం కోసం కాదు, బాధ్యతల కోసం. సీట్లు చట్టం చూసుకుంటుంది. చేరిన తర్వాత ఏం జరుగుతుందన్నది చట్టం చూడదు. మొదటి సెమిస్టర్‌లో పాఠం అర్థంకాని గోండు విద్యార్థికి వంతెన తరగతులు, గోండీ, కోలామీ భాషల అధ్యయనం, పండుగకు సెలవు, హాస్టల్‌లో మర్యాద, ఆ తెగల నుంచే అధ్యాపకులు – వీటికి ఏ ఉత్తర్వూ శాతం పెట్టలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల మరణం దేశమంతటినీ ఆ ప్రశ్న ముందు నిలబెట్టింది. సీటు ఇవ్వడంతో విశ్వవిద్యాలయం పని అయిపోదు. సీటు ఇచ్చిన తర్వాతి ఏళ్లలో సంస్థ ఎలా ప్రవర్తిస్తుందో చెప్పేది దాని ధ్యేయమే.

ప్రతివాది: సీటుకూ పట్టాకూ మధ్య ఉన్న ఆ దూరమే అసలు సమస్య అన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకోవలసిన మాట. కోటా దాన్ని దాటించలేదు. అయితే దాటించేది ధ్యేయ వాక్యమూ కాదు. విశ్వవిద్యాలయాల్లో సమానత్వం కోసం యూజీసీ 2012లోనే నిబంధనలు తెచ్చింది. ఎస్సీ, ఎస్టీ సెల్, సమాన అవకాశాల విభాగం కాగితం మీద ఉన్నాయి. అవి ఉండగానే 2016 వచ్చింది. గిరిజన విద్యార్థి చదువు మానేసే కారణాలు చాలాసార్లు మామూలువి. ఉపకార వేతనం ఆలస్యం కావడం, ఫీజు రీయింబర్స్‌మెంట్ రాక కళాశాల ధ్రువపత్రాలు ఆపడం, హాస్టల్‌లో చోటు దొరకకపోవడం, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు. పాలకమండలి సమయాన్నీ, విద్యార్థి సంఘాల శక్తినీ ఒక వాక్యంలోని పేర్ల మీద ఖర్చుపెడితే, ఈ నాలుగింటి మీద ఒత్తిడి తగ్గుతుంది.

వాది: ఒత్తిడి తగ్గదు, దానికి పట్టు దొరుకుతుంది. ములుగు సంగతి చూస్తే తెలుస్తుంది. 2014 పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో తెలంగాణకు గిరిజన విశ్వవిద్యాలయం అన్న మాట చేరింది. తొమ్మిదేళ్లు అది మాటగానే ఉంది. ఆ తొమ్మిదేళ్లూ అడిగినవాళ్లందరూ చేతిలో పట్టుకున్నది ఆ ఒక్క పంక్తినే. 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది. 889 కోట్ల రూపాయలకు పైగా ఖర్చు అంచనా వేశారు.

ప్రతివాది: అదే తొమ్మిదేళ్లలో పదో తరగతి పూర్తి చేసిన పిల్లలు ఆ విశ్వవిద్యాలయంలో చదవలేకపోయారు. పంక్తి నిలిచింది, వాళ్ల వయసు నిలవలేదు. రాసిన మాటకు గడువు లేకపోతే ఎంత నష్టమో ములుగే చెబుతుంది. ఇంకో ప్రశ్న కూడా ఉంది. గిరిజనుల కోసం ప్రత్యేకంగా ఒక విశ్వవిద్యాలయం వచ్చాక, కాకతీయ, శాతవాహన వంటి మిగతావి ఆ బాధ్యత తమది కాదనుకుంటే, పేరు రాయడం వల్ల ఒక చోట దొరికిన మేలు పది చోట్ల పోతుంది.

వాది: అందుకే ఒక్క సంస్థ కాదు, ఆ నేల మీది ప్రతి సంస్థా రాయాలి. గడువు ఉండాలన్నదీ, అంకె ఉండాలన్నదీ ఒప్పుకోదగినవే. ఏటా ఎంతమంది చేరారు, ఎంతమంది రెండో ఏడాదికి చేరారు, ఎంతమంది పట్టా తీసుకున్నారు అన్న లెక్క తెగలవారీగా ప్రచురిస్తామన్న మాట ప్రకటనలోనే ఉండవచ్చు. అప్పుడు ధ్యేయం కొలతకు అందుతుంది. హార్వర్డ్ కేసులో కోర్టు అడిగిన ప్రశ్నకు అది జవాబు కూడా.

ప్రతివాది: ఆ లెక్క ఏటా బయటకు వస్తే ధ్యేయ ప్రకటన మీదున్న అభ్యంతరాల్లో సగం పోతుంది. మిగిలేది ఒకటే. తెగలవారీగా లెక్క ప్రచురించడం వేరు, తెగల పేర్లతో ధ్యేయాన్ని రాయడం వేరు. లెక్క పరిస్థితితోపాటు మారుతుంది. ఒక సమూహం ముందుకు వస్తే అందులో కనబడుతుంది, కొత్తగా వెనుకబడినదీ కనబడుతుంది. ధ్యేయంలో చెక్కిన పేరు అంత తేలికగా మారదు. లెక్క అందరిదీ, ధ్యేయం అందరిదీ ఉండి, ఏటా చేసే ఖర్చు మాత్రం ఆ లెక్క చూపినవారికే పోవాలి.

వాది: లెక్కలో ఏ పేర్లు విడిగా చూపాలో ముందు ఎవరో నిర్ణయించాలి. ఎస్టీ అని ఒకే గడిలో వేస్తే తోటీలు ఎప్పటికీ కనబడరు. వాళ్ల సంఖ్య అంత తక్కువ. విడిగా చూపాలన్న నిర్ణయమే ధ్యేయం. దాన్ని ఏటా మారే గణాంకాల విభాగానికి వదలడమా, సంస్థ తన ముఖ్య ప్రకటనలో రాసి అందరి ముందు ఒప్పుకోవడమా అన్న దగ్గర రెండు పక్షాలూ విడిపోతాయి. తోటీల సంఖ్య తక్కువ కనుక అడిగే గొంతులూ తక్కువే. అడిగేవారు లేనప్పుడు కూడా సంస్థను కట్టిపడేసేది రాతే.

ప్రతివాది: అడిగేవారు లేనప్పుడు రాతను చదివేవారూ ఉండరన్నది ఈ పక్షం భయం. వసతి బడి పిల్లకు ప్రవేశ పాయింట్లు, ఆలస్యం లేని ఉపకార వేతనం, మొదటి ఏడాది వంతెన తరగతులు, గోండీ, కోలామీ తెలిసిన అధ్యాపకులు, తెగలవారీ వార్షిక లెక్క – ఈ అయిదింటి మీద రెండు పక్షాల మధ్య తేడా లేదు. వీటిని ముందు చేసి, ఆ అనుభవాన్ని బట్టి ధ్యేయాన్ని రాయాలన్నది ఒక మార్గం. ధ్యేయాన్ని ముందు రాసి, దాని బలంతో వీటిని సాధించాలన్నది మరో మార్గం. ఏ మార్గం పట్టినా, ఈ అయిదు పనులు జరగని విశ్వవిద్యాలయానికి తన ధ్యేయం నెరవేరిందని చెప్పుకునే అర్హత ఉండదు.